కదలని బండిలో కోల్మన్ మేస్త్రి

మామగారి శవపేటికను బండిలో వదిలేసి, ఇంజను దిగి ఇంటికొచ్చి, ఉడికిన బంగాళాదుంపకు తీరిగ్గా తొక్క తీస్తున్న మొగుణ్ని డెలియా గుమ్మంలో నిలబడి చూసింది.

"తిను," అంది. "కడుపునిండా తిను. ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది," అన్నాడు మలాకీ తల ఎత్తకుండా.

ఆ జవాబుకు డెలియాకు ఒళ్లు మండింది. తడిసిన నల్లశాలువాను కుర్చీ మీదికి విసిరికొట్టింది.

"మా నాన్న పొద్దున్నించీ స్టేషన్లోనే ఉన్నాడు. ఊరు ఊరంతా వానలో టోపీలు తీసి నిలబడింది. నిలబడీ నిలబడీ మళ్లీ పెట్టేసుకుంది. ఫాదరుగారు చదవాల్సిన ప్రార్థనలన్నీ చదివేశారు, ఇంకేం చదవాలో తోచక ఆకాశంకేసి చూస్తున్నారు. నువ్వేమో ఇక్కడ కూర్చుని దుంపలు ఒలుచుకుంటున్నావు!"

"ఆ బండిలో తొందర లేనివాడు మీ నాన్నొక్కడేనే," అంది పొయ్యి దగ్గర్నించి అత్తగారు సబీనా.

"అత్తయ్యా, దణ్ణం పెడతాను, మీరు మాట్లాడకండి."

"మాట్లాడక ఏం చెయ్యను? చావొచ్చిందని గడియారం ఆపేశారు, అద్దానికి గుడ్డ కప్పేశారు. ఇంట్లో పనిచేస్తున్నది నా నోరొక్కటే."

గొడవంతా తుపాకుల గురించి. ఆ ఏడు వేసవి మొదలు ఐర్లండంతటా రైలువాళ్లు ఒక్కటే మాట మీద ఉన్నారు. సైనికులుగాని, తుపాకులు పట్టుకున్న పోలీసులుగాని ఎక్కితే బండి కదలదు. వాళ్లు దిగితే కదులుతుంది. కొట్టుకోవడం లేదు, తిట్టుకోవడం లేదు. డ్రైవరు ఇంజను దిగి పైపు వెలిగించుకుంటాడు, అంతే. ఇంత చిన్న పని ఇంగ్లండు రాజుగారి సైన్యానికి ఎంత పెద్ద తలనొప్పి అయిందో నేను చెప్పక్కర్లేదు. మా ఊరు డెర్రిన్‌లాక్‌లో పైపు వాసన తగిలితే చాలు, పోలీసు సార్జెంటు క్రాన్లీ ముఖం ఎర్రబడేది.

ఇవాళ మాత్రం ఆ తుపాకుల్లో ఒకటి ఇంటి తుపాకీ. పట్టుకున్నవాడు డెలియా తమ్ముడు ఫెస్టస్ గిల్మార్టిన్, పోలీసు. తండ్రిని పాతిపెట్టడానికి సెలవైతే దొరికింది గాని, తుపాకీ లేకుండా, తోడు లేకుండా ఊరు దాటకూడదన్నారు. అందుకని సార్జెంటు క్రాన్లీ, ఇంకో పోలీసు కూడా రైఫిళ్లతో పేటిక పక్కనే ఎక్కారు. వాళ్లు ఎక్కడం, మలాకీ దిగడం రెండూ ఒకేసారి జరిగాయి.

"ఎవరి తుపాకీ అని చూడవా?" అంది డెలియా. "కొడుకు వాడు. తండ్రి వెంట సమాధుల తోటకు వెళ్తున్న కొడుకు."

"కొడుకుగా వస్తే ఇంజన్లో నా పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్తాను," అన్నాడు మలాకీ. "పోలీసుగా వస్తే రానివ్వను. ఇవాళ నా మామగారి కోసం కదిలిస్తే రేపు ఇంకొకడి అత్తగారి కోసం కదిలించాలి. ఎల్లుండి ఎవరూ చావకపోయినా కదిలించమంటారు. ఇలాగే బండి కదపనన్నందుకు గారెట్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. కంపెనీ ఇల్లు కదా అని పొయ్యి మీద కెటిల్ కాగుతుండగానే వాళ్లావిణ్ని వీధిలో నిలబెట్టారు. వాడి ముఖం నేనెట్లా చూడను?"

"నా ముఖం చూడగలవా?"

మలాకీ చూడలేదు. దుంప తొక్క చాలా శ్రద్ధగా పళ్లెం అంచున పెట్టాడు.

"నువ్వు వాళ్లందరికీ మాటిచ్చావు. ఒప్పుకున్నాను," అంది డెలియా. "మా నాన్న చెయ్యి పట్టుకుని నేనూ మాటిచ్చాను. నన్ను కారాగ్‌లో, సముద్రపొడ్డున, మావాళ్ల పక్కన పెట్టండి, నా లైను మీదే తీసుకెళ్లండి అన్నాడు. సరే నాన్నా అన్నాను. నువ్వు మంచానికి అటుపక్క నిలబడి విన్నావు. నీ మాట మాటా? నా మాట గాలా?"

మలాకీ ఇంకో దుంప అందుకున్నాడు. జవాబుంటే మొండితనం అంత అవసరమయ్యేది కాదు.

డెలియా తండ్రి కోల్మన్ గిల్మార్టిన్ అంటే మాకు పట్టాల గ్యాంగు మేస్త్రి. కారాగ్ లైను పరుస్తున్నప్పుడు చిత్తడినేల వేసిన పట్టాల్ని వేసినట్టే మింగేస్తుంటే, ఇంజనీరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. కోల్మనూ ఆయన మనుషులూ చెట్టుకొమ్మలు కట్టలు కట్టి, బురదలో చాపలా పరిచి, దాని మీద లైను నిలబెట్టారు. ఇప్పటికీ అక్కడ బండి వెళ్తుంటే నేల మెత్తగా ఊగుతుంది. కొత్తవాళ్లు జపమాల తీస్తారు. మేము నవ్వుతాం.

"గుర్రబ్బండి కట్టించుకుని రోడ్డు మీద వెళ్తామంటే, సైన్యం లారీలు రాకుండా కారాగ్ రోడ్డుకు కందకాలు తవ్వి పెట్టారు మన కుర్రాళ్లు," అంది డెలియా. "ఇంటికి తెచ్చేస్తానంటే..."

"గడప దాటిన పేటిక వెనక్కి రాకూడదు," అంది సబీనా గబుక్కున. "నా కంఠంలో ప్రాణం ఉండగా రానివ్వను. ఇంకో మాట. కారాగ్‌లో పేటిక మోయడానికి ఒకే ఇంటిపేరు వాళ్లు నలుగురుండాలి. గిల్మార్టిన్లు అక్కడ ముగ్గురే మిగిలారు, ఇద్దరు బాబాయిలూ, ఒక బాబాయి కొడుకూ. నాలుగో భుజం ఆ పోలీసు కుర్రాడిదే. వాణ్ని దింపేసి నువ్వు బండి నడిపినా లాభం లేదురా మలాకీ."

"వాణ్ని దిగమనలేదమ్మా. తుపాకీని దిగమన్నాను."

"మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు," అని సబీనా పొయ్యిలో ఎండిన పీట్ మట్టిగడ్డ ఎగదోసింది. తిట్టిందో మెచ్చుకుందో ఆవిడకే తెలియాలి.

డెలియా చూపు అప్పుడు అలమర మీద పడింది. నీలం అంచు పళ్లేలకు ఆనించి, జానెడున్నర ఇనుపకడ్డీ ఒకటి నిలబెట్టి ఉంది.

"అదేంటి? టోకెన్ కడ్డీని ఇంటికి తెచ్చావా?"

"తెచ్చాను."

"స్టేషన్‌మాస్టరుకు తెలుసా?"

"తెలిస్తే ఆయనకు కష్టం. అందుకని చెప్పలేదు."

మాది ఒంటి లైను. డెర్రిన్‌లాక్ నుంచి కారాగ్ దాకా దారికి ఆ కడ్డీ ఒక్కటే. అది ఎవరి చేతిలో ఉంటే దారి వాళ్లది. అది లేకుండా రాజుగారు దిగొచ్చినా స్టేషన్‌మాస్టరు సిగ్నల్ దించడు. దించితే అటునుంచి ఏది ఎదురొచ్చి గుద్దుతుందో దేవుడికే తెలియాలి. పొద్దున బండి బయల్దేరే ముందు కడ్డీని మలాకీ చేతికిచ్చారు. ఆయన దిగుతూ దిగుతూ దాన్ని కోటులో పెట్టుకుని ఇంటికి నడిచాడు. ఇంక ఎవడొచ్చి ఇంజనెక్కినా కూర్చుని బొగ్గు లెక్కపెట్టుకోవాల్సిందే.

డెలియా ఇంకేదో అనబోతుండగా తలుపు దగ్గర బూట్ల చప్పుడయింది.

ఫెస్టస్ వచ్చాడు. ఇరవై రెండేళ్లవాడు, నిటారు మనిషి, తండ్రి ముక్కు. భుజాన రైఫిల్.

"అక్కడే ఆగు," అంది సబీనా లేచి నిలబడి. "నిన్నగాక మొన్న మీ నాన్నను పడుకోబెట్టిన గది ఇది. దాన్ని వేసుకుని లోపలికి రాకు."

"బయట పెట్టలేను అత్తయ్యా. ఎవరన్నా ఎత్తుకుపోతే నా ప్రాణానికి వస్తుంది."

"అయితే నువ్వూ బయటే ఉండు."

వాడు వానలోనే నిలబడ్డాడు. చూరు నీళ్లు సరిగ్గా టోపీ మీద పడుతున్నాయి. పక్కకు జరగడం కూడా తోచలేదు పాపం.

"బావా," అన్నాడు. "ఒక్కసారికి నడుపు. ఒక్క ఈసారికి. నిన్ను ఎవరూ తప్పు పట్టరు. చచ్చిపోయినాయన కోసమే కదా."

"నువ్వు దాన్ని స్టేషన్లో వదిలి ఎక్కు. ఈ క్షణం వస్తాను. ఈ దుంప కూడా తినను."

"వదిలితే నా ఉద్యోగం పోతుంది."

"నడిపితే నాది ఉంటుంది. అయినా నేను నడపడం లేదు."

"నీకేం, నీ వెనక ఊరుంది!" ఫెస్టస్ గొంతు పెద్దదయింది. "నాకెవరున్నారు? తుపాకీ పడేస్తే బారక్స్‌లోకి రానివ్వరు. బయటవాళ్లు నమ్మరు. మొన్న గ్లాన్ దగ్గర నాతో తిండి తిన్న పోలీసును గోడ చాటునుంచి కాల్చేశారు. వాడూ సెలవు మీద ఇంటికెళ్తున్నవాడే. నేను సరదాకి మోస్తున్నాననుకున్నావా దీన్ని?"

వాడు చెప్పింది అబద్ధం కాదు. అది మలాకీకీ తెలుసు.

"పోలీసుల్లో చేరమన్నది నాన్నే," అన్నాడు ఫెస్టస్, ఈసారి అక్కతో. "నా కొత్త బూట్లు చూసుకుని ఎంత మురిసిపోయాడు!"

"మురిసిపోయాడు," అంది డెలియా. "ఆ తర్వాత మీవాళ్లు టూల్ వాళ్ల ఇల్లు తగలబెట్టారు. అప్పట్నించి నువ్వొచ్చినప్పుడల్లా నాన్న పొయ్యికేసి తిరిగి కూర్చునేవాడు. నువ్వు చూశావో లేదో, నేను చూశాను."

ఫెస్టస్ చూశాడు. వాడి ముఖమే చెప్పింది.

"నేను బతిమాలడానికి రాలేదక్కా," అన్నాడు చివరికి. "సార్జెంటు పంపాడు. టోకెన్ కడ్డీ మాయమైందని స్టేషన్‌మాస్టరు చేతులెత్తేశాడు. సైన్యం శిబిరం నుంచి లారీలో వాళ్ల డ్రైవరే వస్తున్నాడు. బండిని వాడు నడుపుతాడు. కడ్డీ నేను తీసుకెళ్తే సరే. లేకపోతే సార్జెంటే వస్తాడు. ఆయన తలుపు తట్టి రాడు. బావను తీసుకుపోతాడు."

"రమ్మను," అన్నాడు మలాకీ. దుంప పక్కన పెట్టి లేచాడు. చేతులు తుడుచుకున్నాడు. "చెయ్యి కడుక్కుని కూర్చుంటాను."

"నాన్న వెళ్తాడక్కా," అన్నాడు ఫెస్టస్ అక్కకేసి తిరిగి. "ఎవడు నడిపితే ఏంటి? నీ మాట నిలబడుతుంది. సాయంత్రానికి కారాగ్‌లో ఉంటాం."

డెలియా అలమర దగ్గరికి వెళ్లింది. కడ్డీ తీసుకుంది. చల్లగా, బరువుగా ఉంది. మలాకీ ఆమెను ఆపలేదు. ఆపుతాడేమోనని చూసింది గాని, అతను ఒక్క అంగుళం కదల్లేదు. మొహం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఇన్నేళ్లలో ఆమె అతణ్ని అంత భయపడగా చూడలేదు. సార్జెంటుకు భయపడనివాడు తనకు భయపడుతున్నాడు. దానికి ఆమెకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఇలా ఇవ్వక్కా," అని ఫెస్టస్ చెయ్యి చాపాడు.

డెలియా తడి శాలువా కప్పుకుని, కడ్డీని దానికింద పెట్టుకుంది.

"సైన్యం వాడు నడిపే బండిలో, ఇటో తుపాకీ అటో తుపాకీ పెట్టుకుని, ఖైదీని తీసుకుపోయినట్టు తీసుకుపోతారా మా నాన్నను?" అంది. "అలా వెళ్తానని ఆయన అడగలేదు. నేనూ ఒప్పుకోలేదు." మొగుడివైపు తిరిగింది. "నీ మాట నువ్వు నిలబెట్టుకో. మంచిదే. కాని నీ మాట మీద మా నాన్నను పడుకోబెట్టి ఊరేగించొద్దు. ఆయన్ని నేను తీసుకెళ్తాను."

"దేని మీద తీసుకెళ్తావే?" అంది సబీనా.

డెలియా అప్పటికే తమ్ముణ్ని తోసుకుని వీధిలోకి వెళ్లిపోయింది.

* * *

స్టేషన్ గోడవారన గ్యాంగు మనుషులు ఆదివారం కోట్లు వేసుకుని తడుస్తున్నారు. కోల్మన్ తర్వాత మేస్త్రి అయిన బార్ట్లీ ముందు నిలబడ్డాడు.

"బార్ట్లీ మావయ్యా, మీ తోపుడు ట్రాలీ ఎక్కడుంది?"

బార్ట్లీ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత నోట్లో పొగాకు ఉమ్మేశాడు.

"షెడ్డులో ఉందమ్మా. నేనే అడుగుదామనుకున్నాను. నోరు రాలేదు."

రోజూ పట్టాల కింది స్లీపరు దుంగలూ గడ్డపారలూ మోసే ట్రాలీ అది. నాలుగు చక్రాల మీద చెక్క బల్ల, వెనక తోయడానికో అడ్డకర్ర. కోల్మన్ దాని మీద కూర్చుని భోంచేసేవాడు. అలాంటి ట్రాలీని వాళ్లు తుడిచి, తమ కోట్లు విప్పి దాని మీద పరిచి, నిలబడిపోయిన బండికి ముందు, ఇంజను ముక్కు దగ్గర పట్టాల మీదికి ఎత్తి పెట్టారు. అంత నిశ్శబ్దంగా పనిచేయడం ఆ గ్యాంగుకు అలవాటు లేదు.

పేటికను రైలుపెట్టెలోంచి దించుతుంటే సార్జెంటు క్రాన్లీ అడ్డం వచ్చాడు.

"ఏం జరుగుతోందిక్కడ?"

"మా నాన్న దిగుతున్నాడు," అంది డెలియా. "బండి ఆలస్యమైంది."

"ఆ ట్రాలీ కంపెనీ ఆస్తి. లైను మీద పెట్టడానికి వీల్లేదు." సార్జెంటు వెనక్కి తిరిగి అరిచాడు. "మాస్టారూ! మిస్టర్ హెవెట్! ఇలా రండి!"

స్టేషన్‌మాస్టరు హెవెట్ వచ్చాడు. చాలా జాగ్రత్త మనిషి. వేసవి నుంచి ఇటు రైలువాళ్లకూ అటు పోలీసులకూ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతూ, ఇద్దరికీ ఒకేలాగా నమస్కారం పెడుతూ బతుకుతున్నాడు. ఎవరి పక్షమని అడిగితే నిబంధనల పుస్తకం పక్షం అనేవాడు. మేము నవ్వేవాళ్లం.

"చెప్పండి వీళ్లకి," అన్నాడు సార్జెంటు. "ఈ లైను మీదికి ఎవరు వెళ్లొచ్చో, ఎవరు వెళ్లకూడదో చెప్పండి."

హెవెట్ గొంతు సవరించుకున్నాడు. "టోకెన్ ఎవరి దగ్గరుంటే వాళ్లు వెళ్లొచ్చు. లేనివాళ్లు వెళ్లకూడదు."

డెలియా శాలువా తీసి కడ్డీ చూపించింది.

హెవెట్ దాన్ని చూశాడు. చేతిలోకి తీసుకుని, కళ్లజోడు తుడుచుకుని, దాని మీద చెక్కిన పేర్లు చదివాడు. డెర్రిన్‌లాక్, కారాగ్. సార్జెంటు ముఖం చూశాడు. పేటిక చూశాడు. కడ్డీని రెండు చేతులతో, పండగనాడు కానుక ఇచ్చినట్టు, డెలియాకు తిరిగిచ్చేశాడు.

"సరిగ్గానే ఉంది," అన్నాడు. ఇంకేమీ అనకుండా సిగ్నల్ మీట దగ్గరికి నడిచి, బలమంతా పెట్టి లాగాడు. ప్లాట్‌ఫారం చివర ఎర్రచెయ్యి టక్కున కిందికి దిగింది. దారి ఇచ్చేశాడు. ఆ తర్వాత తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అంతకుముందు ఎన్ని నమస్కారాలు పెట్టినా ఆ రోజునుంచి మేము ఆయన్ని చూసి నవ్వలేదు.

పేటికను ట్రాలీ మీద పెట్టారు. బార్ట్లీ మోకుతో కట్టాడు. అప్పుడు గుంపులోంచి మలాకీ వచ్చాడు. ఇంటి దగ్గర్నించి పరిగెత్తినట్టున్నాడు, రొప్పుతున్నాడు. డెలియా ముందు ఆగి టోపీ తీశాడు.

"ఇంజనులో నిప్పు ఆర్పించేశాను," అన్నాడు. "ఎవడొచ్చినా ఇవాళ దాన్ని కదిలించలేడు. నేను తొయ్యనా?"

"నువ్వు రైలు డ్రైవరువి. తొయ్యడం నీకు తెలుసా?"

"నేర్చుకుంటాను."

డెలియా కాస్త జరిగింది. మలాకీ అడ్డకర్ర మీద చెయ్యి వేశాడు.

ఫెస్టస్ ప్లాట్‌ఫారం అంచున నిలబడి ఉన్నాడు. భుజాన తుపాకీ అలాగే ఉంది. డెలియాకు వాణ్ని చిన్నప్పుడు నడుమున వేసుకుని తిప్పిన రోజులు గుర్తొచ్చాయి. గుర్తొచ్చినా గొంతు మెత్తబడనివ్వలేదు.

"ఒరేయ్ ఫెస్టస్. కారాగ్‌లో మనవాళ్లు ముగ్గురే ఉన్నారు. నాలుగోవాడివి నువ్వు. రమ్మనీ అనను, వద్దనీ అనను. తుపాకీ ఉన్న భుజం మీదికి మాత్రం నాన్నను ఎక్కించను. ఏది మోస్తావో నువ్వే చూసుకో."

"అక్కా, నన్ను చంపేస్తారు."

"ఇటువైపు వాళ్లా, అటువైపు వాళ్లా?"

"ఎవరో ఒకరు."

"అయితే నా పక్కన ఉండి చావు," అంది డెలియా. అని, ఏడ్చేసింది. కన్నీళ్లు తుడుచుకోకుండానే బార్ట్లీకి తలూపింది.

ట్రాలీ కదిలింది. ఇంజను మాత్రం చల్లారి అక్కడే ఉండిపోయింది. చక్రాలు మొదట కీచుమన్నాయి, తర్వాత సర్దుకున్నాయి. గ్యాంగు మనుషులు స్లీపరుకో అడుగు వేస్తూ, తమ మేస్త్రి నేర్పిన నడకే నడుస్తూ తోస్తున్నారు. ప్లాట్‌ఫారం మీద మేమందరం మళ్లీ టోపీలు తీశాం.

"ఆగండి!" అని అరిచాడు సార్జెంటు. "మలాకీ టూహీ! నిన్ను అరెస్టు చేస్తున్నాను! ఆగు!"

మలాకీ ఆగలేదు. ఎవరూ ఆగలేదు. ట్రాలీ కిందికి దిగిన సిగ్నల్ దాటింది.

"గిల్మార్టిన్!" ఈసారి సార్జెంటు అరిచింది ఫెస్టస్‌ను. "నీ దగ్గరే ఉన్నారు. తుపాకీ ఎత్తు. ఆపు వాళ్లని!"

వెనక రైఫిల్ బోల్టు లాగిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు తెలియనివాళ్లు ఆ ఏడు మా ఊళ్లో లేరు. బార్ట్లీ మెడ వంచాడు, అడుగు తప్పలేదు. మలాకీ ఒక చెయ్యి వదిలి, డెలియా వీపు వెనక అడ్డంగా పెట్టాడు.

"చెయ్యి తియ్యి," అంది డెలియా. "తొయ్యి."

పది స్లీపర్లు దాటారు. తుపాకీ పేలలేదు. వాన చప్పుడూ చక్రాల చప్పుడూ తప్ప ఇంకేమీ లేదు. తర్వాత వెనక కంకర మీద బూట్లు పరిగెడుతున్న చప్పుడు మొదలయింది. ఒక్క మనిషివే. దగ్గరికొస్తున్నాయి.

వస్తున్నది తమ్ముడో పోలీసో తిరిగి చూస్తే తెలిసేది. డెలియా తిరగలేదు. పేటికకేసి చూస్తూనే, అడ్డకర్ర మీద తనకూ మలాకీకీ మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి, పక్కకు జరిగింది.